సంతకానికి ముందు పది రోజులు

బొంబాయి అంతర్జాతీయ విమానాశ్రయంలో ఒక రెండో తరగతి రెస్టారెంటు, రెండు స్నాక్ బార్లు నడపడానికి 1977 జనవరిలో టెండర్లు పిలిచారు. రెండో తరగతి హోటల్ నిర్వాహకులుగా నమోదై, కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లే వేయాలన్నారు. చివరికి కాంట్రాక్టు దక్కించుకున్న సంస్థకు క్యాంటీన్లు నడిపిన అనుభవమే తప్ప ఆ అర్హత లేదు. ఆ షరతు సడలిస్తారని తెలిసుంటే తానూ టెండరు వేసేవాడినంటూ ఒకాయన కోర్టుకెక్కాడు. అదే 1979లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రమణ దయారాం శెట్టి కేసు.

ప్రభుత్వం తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడాలని, కాంట్రాక్టులు ఇష్టమొచ్చినవారికి పంచడానికి అది ప్రైవేటు యజమాని కాదని, రాజ్యాంగం 14వ అధికరణ టెండర్లకూ వర్తిస్తుందని జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ తీర్పులో తేల్చారు. షరతు తప్పి కాంట్రాక్టు ఇవ్వడం చెల్లదని కూడా చెప్పారు. అయినా కాంట్రాక్టు రద్దు కాలేదు. పిటిషనరు ఐదు నెలలు ఆలస్యంగా వచ్చాడు. ఈలోగా అవతలి సంస్థ లక్షా పాతిక వేల దాకా ఖర్చు పెట్టేసింది. సూత్రం గెలిచింది, ఉపశమనం మాత్రం దక్కలేదు.

మన టెండరు న్యాయానికి పునాది ఈ తీర్పే. దాని బలహీనత కూడా అందులోనే ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టు అన్యాయంగా చేజారిందని ఎవరైనా అంటే ఎవరు వినాలి, ఎంతలో తేల్చాలి, తేలేదాకా పని ఆగాలా సాగాలా? ఈ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి మనం కొంత జవాబు చెప్పుకున్నాం. మిగతా రెండింటిని ఏ కేసుకు ఆ కేసు కోర్టుల విచక్షణకు వదిలేశాం. అసలు చిక్కు అక్కడే ఉందన్నది ఈ వ్యాసం వాదన.

అభ్యంతరాల్లో రకాలు

టెండరు గొడవలన్నీ ఒక్కటి కావు. మొదటి రకం షరతుల మీద వచ్చేది. ఫలానా యంత్రం సొంతంగా ఉండాలి, ఫలానా విలువగల ఒకే పని చేసి ఉండాలి అంటూ ఒక్కరి కొలతలకే చొక్కా కుట్టినట్టు నిబంధనలు రాస్తారు. దీన్ని టెండరు వేయకముందే ప్రశ్నించాలి. వేసి, ఓడి, ఆ తర్వాత షరతులు బాగోలేవంటే ఏ దేశపు కోర్టూ సులువుగా వినదు.

రెండో రకం టెక్నికల్ బిడ్ దగ్గర పక్కన పెట్టేయడం. అనుభవ ధ్రువపత్రం సరిగా లేదనో, నోటరీ ముద్ర లేదనో, బ్యాంకు గ్యారంటీ నమూనా తేడాగా ఉందనో కారణం చూపుతారు. ఒకసారి పక్కన పడితే ఆ సంస్థ ప్రైస్ బిడ్ తెరవరు. అందుకని అది ఎంత తక్కువకు వేసిందో లోకానికి తెలియదు. మూడో రకం మూల్యాంకనం మీద, ఎల్-1ను, అంటే అతి తక్కువ ధర వేసినవారిని, ఎంపిక చేసిన తీరు మీద, ఆ తర్వాత బేరమాడిన తీరు మీద వచ్చేది. నాలుగోది పూర్తయిన టెండరును ఉన్నట్టుండి రద్దు చేయడం.

మొదటిదానికి టెండరు గడువు ముగిసేలోపు, రెండోదానికి ప్రైస్ బిడ్లు తెరవకముందు, మూడోదానికి అగ్రిమెంటు మీద సంతకాలు పడకముందు జవాబు దొరకాలి. ఆ ఘడియ దాటితే ఫిర్యాదు ఎంత నిజమైనా దానికి మిగిలేది చరిత్రలో చోటే.

కోర్టులు గీసుకున్న గీత

మన దేశంలో టెండరు తగాదాలకు అసలు వేదిక 226వ అధికరణ కింద హైకోర్టే. అక్కడ పరీక్ష ఎలా సాగాలో 1994లో టాటా సెల్యులార్ కేసు నిర్దేశించింది. నాలుగు మహానగరాల మొబైల్ లైసెన్సుల మీద నడిచిన ఆ వివాదంలో, తాము చూడాల్సింది నిర్ణయం మంచిదా చెడ్డదా అని కాదని, ఆ నిర్ణయానికి వచ్చిన దారి సరైనదా కాదా అని మాత్రమేనని సుప్రీంకోర్టు అంది. నిపుణుల కమిటీ వేసిన మార్కులను న్యాయమూర్తులు మళ్లీ దిద్దరు.

తర్వాతి తీర్పులు ఆ తలుపును ఇంకాస్త ఇరుకు చేశాయి. 1998 నాటి రౌనక్ ఇంటర్నేషనల్ కేసులో, స్టే ఇచ్చేముందు ప్రజా ప్రయోజనాన్ని తూచాలని, ఆలస్యం వల్ల పెరిగే ఖర్చుకు స్టే అడిగినవాళ్లే బాధ్యత పడేలా షరతు పెట్టాలని చెప్పారు. 2006లో జగదీశ్ మండల్ కేసు రెండు ప్రశ్నలు పెట్టింది: దురుద్దేశమో, ఏ బుద్ధిమంతుడూ చేయనంత అడ్డగోలుతనమో ఉందా? ప్రజా ప్రయోజనం దెబ్బతిందా? లేదంటే జోక్యం వద్దు. టెండరు పత్రం రాసినవారికే దాని అర్థం బాగా తెలుసని 2016లో నాగపూర్ మెట్రో మీద వచ్చిన ఆఫ్కాన్స్ తీర్పు అంది. ఓడినవారు గెలిచినవారి ఖర్చులు భరించాలన్న మాట 2021లో యూఫ్లెక్స్ కేసులో గట్టిగా వినిపించింది.

వీటికి తోడు 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి 20-ఎ సెక్షన్ చేర్చారు. మౌలిక వసతుల ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా ఉంటే సివిల్ కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదు. రిట్లు వినే హైకోర్టులు కూడా ఈ విధానాన్ని గుర్తుపెట్టుకోవాలని, స్టేకు బదులు నష్టపరిహారం వైపు చూడాలని 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ తీర్పు సూచించింది.

వినడానికి బాగానే ఉంది. కానీ టెండరు దక్కనివారు సివిల్ కోర్టులో దావా వేసి, తమకే వచ్చి ఉండేదని రుజువు చేసి, రాని లాభాన్ని రాబట్టుకోవడం మన కోర్టుల వేగంలో ఎన్నేళ్ల పనో లాయర్లను అడగనక్కర్లేదు. పైగా ఆ పరిహారం వచ్చినా చెల్లించేది ప్రజలే. ఖరీదైన టెండరు ఖర్చూ వాళ్లదే, తప్పు చేసినందుకు పరిహారమూ వాళ్లదే.

తలుపు పూర్తిగా మూయలేదన్నది కూడా నిజం. 2024లో బన్సీధర్ కన్‌స్ట్రక్షన్ కేసులో, ఒక సంస్థ పత్రాల్లో చిన్న లోపాన్ని పట్టుకుని పక్కన పెట్టి, మరో సంస్థ విషయంలో ఉదారంగా నడుచుకున్నారని తేల్చి, భారత్ కోకింగ్ కోల్ ఇచ్చిన కాంట్రాక్టును సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది సుబోధ్ కుమార్ సింగ్ రాథోర్ కేసులో, ఇచ్చిన టెండరును సరైన కారణం లేకుండా వెనక్కి తీసుకున్న కోల్‌కతా అధికారులను తప్పుపట్టింది. అందువల్ల కోర్టులు వినవని అనలేం. కానీ ఏ కేసు వింటాయో, ఏది వినవో ముందుగా చెప్పలేం. వ్యాపారికి ఆ అనిశ్చితే పెద్ద ఖర్చు.

తెలుగు నేల మీద

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. అంతకుముందు టెండరు పెట్టె ఉన్న ఆఫీసు గుమ్మం దగ్గరే పోటీదారుల్ని అడ్డుకునేవాళ్లు. రింగ్ కట్టి పనులు పంచుకునేవాళ్లు. ఆన్‌లైన్ వచ్చాక గుమ్మం దగ్గర గొడవ తగ్గింది. పోరాటం అర్హత నిబంధనల్లోకి, టెక్నికల్ మూల్యాంకనంలోకి మారింది. కంప్యూటరు ధరల్ని దాచిపెట్టగలదు కానీ షరతులు ఎవరి కోసం రాశారో చెప్పలేదు.

2016 నాటి అమరావతి స్విస్ ఛాలెంజ్ వివాదం ఇందుకు మంచి పాఠం. రాజధానిలో 6.84 చదరపు కిలోమీటర్ల స్టార్టప్ ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తామని సింగపూర్ సంస్థల కూటమి ప్రతిపాదించింది. దానికి పోటీగా ఇంకెవరైనా మెరుగైన ప్రతిపాదన తేవచ్చని ప్రభుత్వం పిలిచింది. మూల ప్రతిపాదనలో రాష్ట్రానికి ఎంత ఆదాయ వాటా ఇస్తారో తెలియకుండా దాన్ని మించిన ప్రతిపాదన ఎలా తేవాలన్నది పోటీకి వచ్చిన సంస్థల ప్రశ్న. ఆ సెప్టెంబరులో హైదరాబాద్‌లోని హైకోర్టు ప్రక్రియను నిలిపేసింది. ప్రభుత్వం ఆ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుని, చట్టాన్ని సవరించి, 2017లో మళ్లీ పిలిచింది. ఒప్పందాలు కుదిరాయి. 2019లో ప్రభుత్వం మారాక అవీ రద్దయ్యాయి. కోర్టు స్టే వల్ల జరిగిన ఆలస్యం కొన్ని నెలలు. అడిగిన వివరాన్ని మొదట్లోనే ఇచ్చి ఉంటే ఆ నెలలు కూడా మిగిలేవి.

2019లో వచ్చిన ప్రభుత్వం వేరే దారి పట్టింది. 100 కోట్లు, ఆపై విలువగల ప్రాజెక్టుల టెండరు పత్రాలు ముందే ఒక న్యాయమూర్తి పరిశీలనకు వెళ్లేలా జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం తెచ్చింది. టెండరు పత్రాన్ని ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకోవడం అందులో మంచి భాగం. షరతుల మీద వచ్చే మొదటి రకం ఫిర్యాదుకు అది సరైన చోట, సరైన వేళ పెట్టిన వేదిక. కానీ బిడ్లు వచ్చాక జరిగే అన్యాయం దాని పరిధిలో ఉండేది కాదు. ఎవరిని పక్కన పెట్టారు, ఎందుకు పెట్టారన్నది మళ్లీ హైకోర్టుకే వెళ్లాల్సి వచ్చేది. దానితోపాటు వచ్చిన రివర్స్ టెండరింగ్ ధర తగ్గించే పద్ధతే కానీ న్యాయం చెప్పే పద్ధతి కాదు. పోలవరంలో పాత ఒప్పందాలు రద్దయినప్పుడు కోర్టు స్టే, ఆ స్టే ఎత్తివేత అన్నీ ఆ ఏడాదే చూశాం. 2024లో మళ్లీ ప్రభుత్వం మారగానే రివర్స్ టెండరింగ్ కూడా పోయింది. విధానం ఎన్నికలతో పాటు మారుతుంటే ఫిర్యాదుదారుకు నిలకడైన గడప ఉండదు.

హైదరాబాద్ కంపెనీలు బయటి రాష్ట్రాల్లోనూ పెద్ద పనులు చేస్తున్నాయి కాబట్టి ముంబై ఉదాహరణ కూడా మనకు దగ్గరిదే. ఠాణే, భయందర్ ప్రాంతాల్లో సుమారు 14,000 కోట్ల సొరంగం, ఎలివేటెడ్ రోడ్డు పనులకు ముంబై మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పిలిచిన టెండర్లలో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ ఎల్-1గా నిలిచింది. ఎల్ అండ్ టీని టెక్నికల్ దశలో పక్కన పెట్టారు. కారణం తమకు చెప్పలేదని ఆ సంస్థ బొంబాయి హైకోర్టుకు వెళ్లి, 2025 మేలో ఓడింది. రెండు పనుల్లోనూ కలిపి తమ ధర దాదాపు 3,100 కోట్లు తక్కువని సుప్రీంకోర్టులో చెప్పింది. మళ్లీ టెండరు పిలుస్తారా అని ధర్మాసనం అడిగాక, ఆ నెలాఖరులో అభివృద్ధి సంస్థే టెండర్లు రద్దు చేసుకుంది. పక్కన పెట్టడం సబబేనా కాదా అన్న ప్రశ్నకు అత్యున్నత న్యాయస్థానంలో జవాబు రాకుండానే కథ ముగిసింది. ఎల్-1కు పని లేదు, ఓడినవారికి జవాబు లేదు, ముంబైకి రోడ్డు లేదు. కారణాన్ని ధరలు తెరవకముందే రాతపూర్వకంగా ఇచ్చి, దాని మీద గడువులోగా తేల్చే వేదిక ఉంటే ఈ ముగ్గురిలో ఒక్కరికైనా మేలు జరిగేది.

ఆఫీసు గుమ్మంలో దొరికే న్యాయం

కోర్టుకు వెళ్లకుండా తేల్చుకునే దారులు అసలే లేవని కాదు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లోని 173వ నిబంధన, బిడ్ షరతుల్నీ ప్రక్రియనూ తిరస్కారాన్నీ ప్రశ్నించే వీలు టెండరు పత్రంలోనే ఉండాలంటుంది. ప్రభుత్వ రంగ సంస్థల పెద్ద టెండర్లలో ఇంటెగ్రిటీ ప్యాక్ట్ (అవినీతికి పాల్పడబోమని ఇరుపక్షాలూ చేసుకునే ఒప్పందం) కింద స్వతంత్ర బాహ్య పర్యవేక్షకులు ఉంటారు. వాళ్లు ఫిర్యాదు విని సంస్థ అధిపతికి నివేదిక ఇస్తారు. అది సలహానే తప్ప ఆదేశం కాదు. మిగతా చోట్ల అభ్యంతరం చేరేది ఆ నిర్ణయం తీసుకున్న కార్యాలయానికే. తన సంతకం తప్పని తానే రాయగల అధికారులు ఎంతమంది ఉంటారు?

రాష్ట్రాల్లో తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో టెండర్ల పారదర్శకత చట్టాలు చేసుకుని అప్పీలు హక్కు ఇచ్చాయి. రాజస్థాన్ చట్టంలో పది రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి, దాన్ని ముప్పై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, ఆపై రెండో అప్పీలు ఉంది. దురుద్దేశంతో అప్పీలు వేసినవారికి జరిమానా కూడా ఉంది. ఈ చట్టాల లోపం ఒకటే: అప్పీలు వినేది కూడా సర్కారు అధికారే. పై అధికారి కింది అధికారిని చూసినట్టే చూస్తాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ మాత్రం అప్పీలు చట్టం కూడా లేదు. జీవోలు, ఇంజినీరింగ్ కోడ్‌లు, టెండరు పత్రంలోని షరతులే ఆధారం.

కేంద్రం 2012లో పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లును లోక్‌సభలో పెట్టింది. రిటైర్డ్ హైకోర్టు న్యాయమూర్తుల నాయకత్వంలో స్వతంత్ర కమిటీలు ఫిర్యాదులు వినాలన్న ఆలోచన అందులో ఉంది. 2014లో సభ రద్దవడంతో బిల్లూ మురిగిపోయింది. తర్వాత దాన్ని ఎవరూ చట్టం చేయలేదు.

బయట ఎలా నడుస్తోంది

అమెరికాలో ఓడిన బిడ్డరుకు మూడు గడపలు: కాంట్రాక్టు ఇచ్చిన సంస్థ, అక్కడి కాంగ్రెస్ ఆడిట్ సంస్థ గావ్ (జీఏఓ), ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు. వీటిలో ఎక్కువమంది ఎక్కేది గావ్ గడపే. 1984 నాటి కాంపిటీషన్ ఇన్ కాంట్రాక్టింగ్ చట్టం ప్రకారం గడువులోగా ఫిర్యాదు పడితే సాధారణంగా పని దానంతట అదే ఆగుతుంది. అత్యవసరమైతే సంస్థ కారణాలు రాసి ముందుకెళ్లవచ్చు. 30 రోజుల్లో సంస్థ నివేదిక ఇవ్వాలి. 100 రోజుల్లో తీర్పు రావాలి. గావ్ చెప్పేది సిఫార్సే అయినా సంస్థలు దాదాపు ఎప్పుడూ పాటిస్తాయి.

2024 ఆర్థిక సంవత్సరంలో గావ్‌కు 1,803 కేసులు వచ్చాయి. విచారించి తీర్పు చెప్పినవాటిలో ఫిర్యాదుదారు గెలిచింది 16 శాతమే. కానీ సంస్థలు తమంతట తామే తప్పు దిద్దుకున్నవి కూడా కలిపితే, ఏదో ఒక ఉపశమనం దొరికినవి 52 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే ఆ వ్యవస్థ రహస్యం ఉంది. బయటివాళ్లు ఫైలు అడుగుతారని తెలిస్తే అధికారి తానే ముందు ఫైలు తిరగేస్తాడు. సగం న్యాయం తీర్పు రాకముందే జరిగిపోతుంది.

పెద్ద కేసులు ఈ పద్ధతి బలాన్నీ బలహీనతనూ చూపిస్తాయి. 2008లో వైమానిక దళం ఇంధన ట్యాంకరు విమానాల కాంట్రాక్టును నార్త్‌రప్ గ్రమన్, ఈఏడీఎస్ కూటమికి ఇస్తే, బోయింగ్ ఫిర్యాదు మీద గావ్ మూల్యాంకనంలో తప్పులు చూపింది. మళ్లీ పోటీ పెట్టి 2011లో బోయింగ్‌కు ఇచ్చారు. మరో వైపు జెడై అనే 1,000 కోట్ల డాలర్ల క్లౌడ్ కాంట్రాక్టు 2019లో మైక్రోసాఫ్ట్‌కు దక్కితే, అమెజాన్ ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లింది. స్టే వచ్చింది. నెలల తరబడి సాగి, 2021లో పెంటగాన్ కాంట్రాక్టునే రద్దు చేసుకుంది. మొదటిది వంద రోజుల గడువున్న వేదికలో తేలింది, రెండోది గడువులేని కోర్టులో సాగింది.

ఐరోపాలో విధానం ఇంకా సూటిగా ఉంటుంది. 2007 నాటి డైరెక్టివ్ ప్రకారం విజేతను ప్రకటించాక సాధారణంగా కనీసం పది రోజులు అగ్రిమెంటు చేయకూడదు. ఓడినవారికి కారణాలతో లేఖ పంపాలి. ఆ విరామంలో ఫిర్యాదు పడితే సంతకం ఆగుతుంది. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం దీన్ని ఎనిమిది పనిదినాలుగా పెట్టింది. కెన్యా 2015 చట్టంలో ప్రత్యేక సమీక్షా బోర్డు 21 రోజుల్లో తీర్పు చెప్పాలి. ధనిక దేశాలకే సాధ్యమయ్యే విలాసం ఇదన్న మాటకు కెన్యా చాలు సమాధానం.

ఆలస్యం భయం

మన ఇంజినీర్లు, అధికారులు చెప్పే ఆక్షేపణ తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఓడిన ప్రతివాడూ కేసు వేస్తే వరద కాలం దాటిపోతుంది, ఎస్టిమేట్లు పెరుగుతాయి, బ్లాక్‌మెయిల్ చేసి పంపకాలు అడిగేవాళ్లు పుట్టుకొస్తారు. నిజమే, పుట్టుకొస్తారు. అయితే అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టుల మీద రాండ్ సంస్థ 2018లో చేసిన అధ్యయనంలో, 2008 నుంచి 2016 వరకు ఫిర్యాదు ఎదుర్కొన్న కాంట్రాక్టులు 0.3 శాతం కంటే తక్కువని తేలింది. తలుపు తెరిస్తే అందరూ దూసుకొస్తారన్న భయానికి అంకెల ఆసరా లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడున్న పద్ధతిలో ఆలస్యం తక్కువా? రిట్ వేయడం, తాత్కాలిక స్టే, వెకేట్ పిటిషన్, డివిజన్ బెంచి, సుప్రీంకోర్టు: ఈ మెట్లలో ఏ ఒక్కదానికీ రోజుల లెక్క లేదు. మంచి లాయరును పెట్టుకోగల పెద్ద కంపెనీకి ఇది ఆయుధం. జిల్లాలో చెరువు మరమ్మతు పనికి టెండరు వేసిన చిన్న కాంట్రాక్టరుకు హైకోర్టు దాకా వెళ్లే ఖర్చే పని మీద వచ్చే లాభాన్ని మింగేస్తుంది. అందుకే మన దగ్గర చిన్న పనుల్లో అన్యాయం జరిగితే ఫిర్యాదు ఉండదు, పెద్ద పనుల్లో న్యాయం జరిగినా కేసు ఉంటుంది.

ఏం చేయవచ్చు

ఇన్ని దేశాల అనుభవం పక్కపక్కన పెట్టి చూస్తే మనకు నాలుగు అంశాలు పనికొస్తాయనిపిస్తుంది. తిరస్కారానికి కారణాన్ని ఆ దశలోనే రాతపూర్వకంగా ఇవ్వడం మొదటిది. ఎంపికకూ సంతకానికీ మధ్య కనీసం పది రోజులు ఆగడం రెండోది. కొనుగోలు శాఖకు సంబంధం లేని ఒక ఇంజినీరు, ఒక అకౌంట్స్ నిపుణుడు, ఒక మాజీ న్యాయమూర్తి కలిసి 30 నుంచి 45 రోజుల్లో తేల్చే చిన్న బెంచి మూడోది. ఫిర్యాదుకు ఫీజు పెట్టి, గెలిస్తే వెనక్కి ఇచ్చి, దురుద్దేశమని తేలితే జప్తు చేయడం నాలుగోది.

వీటిలో మూడోదానికే చట్టం కావాలి. మొదటిదీ రెండోదీ ఈ రోజే టెండరు పత్రంలో రెండు పేరాలుగా చేర్చవచ్చు. ప్రపంచ బ్యాంకు 2016 నుంచి అమలు చేస్తున్న కొనుగోలు నిబంధనల్లో ఇవి ఇప్పటికే ఉన్నాయి. ఆ బ్యాంకు రుణంతో నడిచే ప్రాజెక్టుల పెద్ద టెండర్లలో పది పనిదినాలు ఆగాలి. ఓడినవారు మూడు పనిదినాల్లో అడిగితే ఐదు పనిదినాల్లో కారణాలు వివరించాలి. బ్యాంకు అప్పు ఉన్నప్పుడు మన శాఖలు పాటించగలిగిన పద్ధతి సొంత ఖజానా డబ్బుకు ఎందుకు కుదరదో ఏ సచివాలయమూ చెప్పలేదు.

నాలుగో అంశంతో పాటు, వచ్చిన ప్రతి ఫిర్యాదునూ దాని మీద వచ్చిన ఉత్తర్వునూ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనే పెట్టాలి. ఏ శాఖ మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో ఎన్ని నెగ్గాయి అన్నది కాగ్‌కూ శాసనసభకూ ఒకే చోట కనిపిస్తే, సంతకం పెట్టే చేతికి కాస్త జాగ్రత్త అలవాటవుతుంది. ఈ మార్పు వల్ల గెలిచే కాంట్రాక్టర్ల పేర్లు పెద్దగా మారకపోవచ్చు. కానీ ఓడినవారు ఎందుకు ఓడారో తెలుసుకుని మళ్లీ టెండరు వేస్తారు. పోటీలో ఎంతమంది మిగులుతారన్న దాని మీదే తర్వాతి రోడ్డు, తర్వాతి కాలువ ఎంత ఖరీదుకు వస్తాయో ఆధారపడి ఉంటుంది.